గెట్సెల్ కుట్టిన చీటీ

శుక్రవారం పొద్దున గెట్సెల్ మూడో కోటు కాలరు విప్పుతున్నాడు. యెరూషలేములో, మెట్లు దిగి వెళ్ళే ఆ ఇరుకు గదిలో నలభై ఏళ్ళుగా ఆయన చేసే పని ఇదొక్కటే: ఉన్ని కోటులో అవిసె నార దాగి ఉందేమో చూడడం. ఆ రెండూ కలిసిన బట్ట తొడగరాదని యూదుల ధర్మశాస్త్రం. ఎందుకంటే దేవుడు వద్దన్నాడు గనుక. గెట్సెల్ అంతకు మించి అడిగిన మనిషి కాదు. సన్నటి మనిషి, మెడ ముందుకు వంగిపోయింది, దారాలు లాగి లాగి కుడి బొటనవేలి గోరు చీలిపోయింది. పిల్లల్లేరు. భార్య పోయి నాలుగేళ్ళు.

కాలరులో ఏమీ లేదు. జేబు మూత కూడా విప్పి, లోపలి పట్టీలోంచి ఒక పోగు లాగి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఉన్నికుండే పొలుసులు లేవు. చెరుకుగడకున్నట్టు కణుపులున్నాయి. నార!

కోటు తిరగేసి కుట్టినవాళ్ళ గుర్తు చూశాడు. నాలుగేళ్ళ కిందట స్నేహితుడు పెరెట్స్ తెచ్చిన కోటూ వీళ్ళదే. అది గెట్సెల్ భార్య ఆస్పత్రిలో ఉన్న వారం. కాలరు చూశాడు, భుజాలు చూశాడు, జేబులు విప్పలేదు. విప్పకుండానే ‘పరీక్షించాను, గెట్సెల్’ అన్న గుడ్డ చీటీ కుట్టేశాడు. పెరెట్స్ వారం వారం, సబ్బాతు అనే విశ్రాంతి దినాన, అదే తొడుక్కుని ప్రార్థనలో గెట్సెల్ పక్కనే నిలబడ్డాడు. అయ్యో, నమ్మిన స్నేహితుడికి చేతులారా ఎంత పని చేశాడు!

నెల రోజులుగా పెరెట్స్ మంచం మీదే ఉన్నాడు. అయినా సబ్బాతు భోజనానికి ఆ కోటు తొడిగి కూర్చోబెట్టమంటాడట. పొద్దుగూకితే సబ్బాతు మొదలు; ఈ సాయంత్రమైనా ఆపాలి. గెట్సెల్ గదికి తాళం వేసి, పెరెట్స్ ఇంటికి వెళ్ళి, ఆయాసపడుతూ నాలుగంతస్తులు ఎక్కాడు.

తలుపు తీసే ఉంది. పెరెట్స్ భార్య హిండా అద్దం మీద దుప్పటి కప్పుతోంది.

“వచ్చావా అన్నయ్యా. తెల్లారుజామున పోయారు. స్నానం చేయించడానికి తీసుకెళ్ళారు. పొద్దుగూకేలోగా పూడ్చాలిగా.”

గెట్సెల్ కుర్చీలో కూలబడ్డాడు. అద్దం కప్పేది చావింట్లోనేనని అప్పుడు తట్టింది. దాచకుండా అంతా చెప్పేశాడు.

“ఇంకోచోట కూడా చూపించండీ అంటే వినేవారా? ‘గెట్సెల్ చూశాక మళ్ళీ చూడ్డమేంటే, పిచ్చిమొహమా’ అనేవారు,” అంది హిండా. ఏడుపు ఆగలేదు. “పోనీలే అన్నయ్యా. ఇప్పుడాయనకి నార బట్టలు తొడిగి, పైన ఉన్ని శాలువా కప్పుతారు. పోయినవాళ్ళకి ఆ నిషేధం లేదుగా.”

“ఆయనకి లేదు చెల్లెమ్మా. నాకుంది.”

కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. గెట్సెల్ తన చిన్న కత్తెరతో జేబు మూత విప్పి పోగు లాగాడు. వేళ్ళకే తెలిసిపోయింది. నారే. తర్వాత కోటు తిప్పి, తన చీటీ కుట్లు ఒక్కొక్కటే తెంపి, దాన్ని బల్ల మీద పెట్టాడు. హిండా వద్దనలేదు.

సమాధికి బయలుదేరమని కింద నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరూ మెట్లు దిగారు.

సబ్బాతు కోసం తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, రెండు రొట్టెల పక్కన, ఆ చీటీ ఉండిపోయింది. నాలుగు మూలలా తెగిన నల్ల దారాలు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాయి.