ఆదికిచ్చిన పిల్ల

ఆ వీధిలో ఆది లేకుండా బట్ట కుట్టని మనిషి టైలరమ్మ ఒక్కతే. టేపు మీద ఆమెకు నమ్మకం లేదు. "టేపు చూడగానే మనిషి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. ఒంటికి అలవాటైన పాత బట్ట అయితే అబద్ధమాడదు" అంటుంది. కొత్త చొక్కా కావాలన్నా, కోటు కావాలన్నా ముందు పాతదొకటి ఆదికి తెచ్చివ్వాల్సిందే. తెచ్చినదాన్ని కొక్కేనికి తగిలించి, సొంత బట్టకన్నా పదిలంగా చూసుకుంటుంది. గుండీ ఊడి ఉంటే అడక్కుండానే కుట్టి మరీ తిరిగిస్తుంది.

అలాంటి మనిషికి యూనివర్సిటీవాళ్ళ ఎక్స్ఛేంజి ప్రోగ్రాం కూడా తన పద్ధతిలోనే అర్థమైంది.

ఆమె కూతురు వంతెనలు కట్టే చదువు చదువుతోంది. ఒక సెమిస్టరు విదేశంలో చదివి రావడానికి ఎంపికైంది. బదులుగా అక్కణ్ణుంచి ఒకమ్మాయి ఇక్కడికొచ్చి చదువుతుంది, మీ ఇంట్లో గది ఖాళీ అవుతుంది కదా, ఉంచుకుంటారా అని కాలేజీ గుమాస్తా అడిగాడు.

"అయితే మా పిల్ల ఆ పిల్ల వాళ్ళింట్లో ఉంటుందన్నమాట" అంది టైలరమ్మ.

ఆమె వెనక వరస గుమ్మం దాటి పెరిగిపోతోంది. "అటొకరు ఇటొకరు, అంతేనమ్మా" అనేసి గుమాస్తా తరవాతి మనిషిని పిలిచాడు.

ఆమెకు ఆ మాట చాలు. ఎవరో తల్లి తన పిల్లను ఇక్కడ ఆదికిచ్చింది. ఈ పిల్లకు ఇక్కడెలా జరిగితే తన పిల్లకు అక్కడలా జరుగుతుంది. ఈ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పైకి చెబితే బేరం పెట్టినట్టుంటుందని సిగ్గు.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నోరు ఊరుకోదు. వచ్చినమ్మాయి వస్తూ వస్తూనే గుమ్మానికి తల కొట్టుకుంటే, "ఏమేవ్, పిచ్చుకను పంపి కొంగను తెచ్చుకున్నామే!" అన్నాడు. కూతురు పొట్టిది, సన్నంది, చిన్నప్పటినుంచీ పిచ్చుకే. ఈ పిల్ల ఆ పూటతో కొంగమ్మ అయిపోయింది.

కొంగమ్మ ఈ భాష రెండేళ్ళు తరగతిలో నేర్చుకునే వచ్చింది. అయినా పిలుపుల దగ్గర తడబడింది. "మిమ్మల్ని నేను ఏమని పిలవవలెను?" అంది.

"పిన్నీ అను. మీ అమ్మ నాకు అక్కయ్యవుతుంది. ఆయన్ని బాబాయ్ అను, పలికితే పలుకుతాడు."

మర్నాటినుంచి కొంగమ్మ పళ్ళెంలో నాలుగు గుడ్లు.

"నాకు రెండు చాలు పిన్నీ."

"ఊరుకో. ఎదిగే పిల్లవి."

"ఇంకా ఎదిగితే గుమ్మం పగలగొట్టాలే" అన్నాడు డ్రైవరు. కొంగమ్మ కాలేజీకి వెళ్ళాక పెళ్ళాం దగ్గర చేరి, "ఇంతకీ నీ లెక్కన అక్కడ మన పిచ్చుక కూడా నాలుగు మింగుతోందంటావా? పొట్ట పగిలిపోదూ?" అని గుసగుసలాడాడు.

"మీకేం తెలుసు, బస్సు తోలుకోండి" అందామె.

కొంగమ్మను కప్పు కడగనివ్వలేదు, పక్క సర్దనివ్వలేదు. తుమ్మితే చాలు వేణ్ణీళ్ళు, తువ్వాలు. చలి మొదలవగానే కోటు కుట్టడానికి కూర్చుంది. ఆదికేమన్నా ఉందా అంటే ఆ పిల్ల సాగిపోయిన ఊలు స్వెట్టరు తెచ్చింది. "ఇది ఆదికేం పనికొస్తుంది, లాగితే మీ ఊరిదాకా సాగేట్టుంది" అని, కూతురి పాత కోటే ముందు పరుచుకుంది. వయసొకటే కదా అని చేతులకూ కిందికీ పొడుగు మాత్రం వేసి కత్తిరించింది. కొంగమ్మ తొడుక్కుని, "చాలా బాగుంది పిన్నీ" అంది. ఆ కోటు వేసుకోకుండా గడప దాటేది కాదు.

"కొంగమ్మ బస్సులో పైనున్న కమ్మీ పట్టుకోదేంటే?" అన్నాడు డ్రైవరు ఒకరోజు. "అంత పొడుగుండీ చెయ్యెత్తదు. బ్రేకేస్తే ఊగిపోతుంది."

"ఆడపిల్ల బస్సులో ఎలా నిలబడిందో చూడ్డానికే మీకు అద్దం ఇచ్చారా? రోడ్డు చూసుకోండి" అని టైలరమ్మ మిషను తొక్కుకుంది.

ఆదివారం ఆదివారం పిచ్చుక ఫోను చేసేది. ఉన్న కాసేపూ తల్లి అడిగేది ఒకటే. "ఆవిడ నిన్ను బాగా చూసుకుంటోందా?"

పిచ్చుక ఉన్నది హాస్టల్లో. తల్లి అడిగేది వార్డెన్ గురించి అనుకుంది. "బాగానే చూస్తుందమ్మా. కాస్త గట్టిమనిషి. చీకటి పడితే గేటుకి తాళం వేసేస్తుంది. ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాలి."

టైలరమ్మ ముఖం చిన్నబోయింది. తను ఇంత అపురూపంగా చూస్తుంటే ఆ అక్కయ్య తన పిల్లకు తాళాలు వేస్తోందా! ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. తప్పు ఆ అక్కయ్యది కాదు. ఈ పిల్లను విచ్చలవిడిగా వదిలేసింది తనే. వాళ్ళమ్మ పద్ధతి అదైతే ఇక్కడా అదే పద్ధతి ఉండాలి. కొలత కొలతే.

ఆ సాయంత్రం లైబ్రరీనుంచి వచ్చిన కొంగమ్మకు తలుపు గడియ వేసి కనిపించింది. తలుపు తట్టాక తీశారు, కానీ ముందు చీవాట్లు పడ్డాయి. "చీకటి పడ్డాక తిరుగుళ్ళేంటి? మీ అమ్మకు నేనేం సమాధానం చెప్పను?" మర్నాడూ అంతే. ఆ మర్నాడు ప్రయోగశాలలో పని తేలక మరీ ఆలస్యమైంది. వాన కూడా పట్టుకుంది. గడియ తీసేసరికి కొంగమ్మ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆ పిల్ల ఏడవలేదు. ముఖం మీది నీళ్ళు తుడుచుకుని, చేతులు కట్టుకుని, మాటలు కూడబలుక్కుని చెప్పింది. "పిన్నీ, నేను హాస్టల్‌కి మారతాను. మీరు నాకు ఎక్కువ పెడుతున్నారు. ఎక్కువ తిడుతున్నారు కూడా. నాకు రెండూ అర్థం కావడం లేదు."

టైలరమ్మ చేతిలో కత్తెర బట్ట మధ్యలో ఆగిపోయింది.

"వీల్లేదు" అంది. "నువ్వు వెళ్ళిపోతే మీ అమ్మ మా పిల్లను ఉంచుకుంటుందా? పరాయి దేశంలో అది పెట్టె పట్టుకుని ఎక్కడికి పోతుంది?"

కొంగమ్మ బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ ఇంటికప్పు వైపు చూశాడు.

"మా అమ్మా? మీ పిచ్చుక మా ఇంట్లో లేదు పిన్నీ. యూనివర్సిటీ హాస్టల్లో ఉంది. మాది పక్క ఊరు. మా అమ్మ ఆమెను ఎప్పుడూ చూడలేదు."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. తాళాలు వేసే అక్కయ్య లేదు. గుడ్లు పెట్టే అక్కయ్యా లేదు. పిచ్చుక తనంతట తనే ఏ రొట్టె ముక్కో కొరుక్కుని పడుకుంటోంది. ఇన్నాళ్ళూ ఇక్కడ ఆవిరి పట్టించి, దుప్పట్లు కప్పి, అక్కడ కూతురు వెచ్చగా ఉందనుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ నేనెవరికి పెట్టినట్టండీ?" అంది మొగుడితో.

డ్రైవరు మొదటిసారి జోకు వెయ్యలేదు. "ఇదిగో, ఎదురుగా తడిసి నిలబడింది చూడు. ఈ పిల్లకు" అన్నాడు.

ఆమె చూసింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ముఖంలో కూతుర్నే వెతుక్కుంది తప్ప, ఈ పిల్లను తేరిపార చూసింది లేదు. కోటు తడిసి ఒంటికి అంటుకుపోయింది. తువ్వాలు అందుకుందామని చెయ్యి చాపబోతే చంకలో కుట్టు పటుక్కుమంది.

టైలరమ్మ దిగ్గున లేచింది. "ఉండు, కదలకు." సొరుగు అడుగున ఎప్పుడో పడేసిన టేపు తీసి దులిపింది. కొంగమ్మను వెనక్కి తిప్పి ఈ భుజంనుంచి ఆ భుజానికి పెట్టింది. నమ్మకం కలక్క మళ్ళీ పెట్టింది.

"ఇంత భుజాలేంటే నీకు!"

"నేను ఈత పోటీలకు వెళ్తాను పిన్నీ."

"మరి చెప్పవేం? ఇన్నాళ్ళూ చెయ్యెత్తలేక చచ్చుంటావు కదే!"

"మీరు సంతోషంగా కుట్టారు. నేను బాగుంది అన్నాను. తరవాత మార్చి చెప్పడం కష్టం."

"నే చెప్పలా? బ్రేకేస్తే ఊగిపోతోందని!" అన్నాడు డ్రైవరు. ఇద్దరూ ఒకేసారి "మీరూరుకోండి" అన్నారు.

ఆ రాత్రి కోటు భుజాలు విప్పి, అతుకులు వేసి కుడుతూ టైలరమ్మ తలెత్తకుండానే అంది. "వెళ్తానంటే వెళ్ళమ్మా. ఆపను. ఇంకెవరి కోసమో నిన్ను కట్టిపడెయ్యను. ఉంటే మాత్రం తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో."

కొంగమ్మ తాగిన కప్పు తనే కడిగి బోర్లించింది. టైలరమ్మ వద్దనలేదు. తరవాత ఆ పిల్ల గదిలోకి పోయి వాళ్ళమ్మతో ఫోనులో తన భాషలో చాలాసేపు మాట్లాడుతూ, మధ్యమధ్య పడీపడీ నవ్వింది. పెట్టె మాత్రం మంచం కిందినుంచి బయటకు రాలేదు.

ఆదివారం పిచ్చుక ఫోను ఎప్పటికన్నా ముందే మోగింది.

"అమ్మా, ఎవరో పొడుగావిడ హాస్టల్‌కొచ్చిందే! గేటు దగ్గర వార్డెన్‌తో పోట్లాడి మరీ లోపలికొచ్చింది. నన్ను వాళ్ళింటికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తను నాకు పెద్దమ్మవుతుందట, ఆ ఒక్క మాట నేర్చుకునొచ్చింది. తినేదాకా కదలనివ్వట్లేదమ్మా."

"ఏం పెట్టింది?"

"గుడ్లు. నాలుగు! ఊపిరాడట్లేదు నాకు."

టైలరమ్మ ఫోనును గుండెలకు ఆనించుకుని, కళ్ళు ఒత్తుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కొంగమ్మ వైపు తిరిగింది. "అక్కయ్యకు చెప్పవే తల్లీ. రెండు చాలని. అది పిచ్చుక, దానికి అరగదు."

"చెప్తాను పిన్నీ" అంది కొంగమ్మ, పళ్ళెం ముందుకు చాపుతూ. "అయితే ఇక్కడ కూడా రెండే."