నరకం లేని సీను

తొంభై ఏడులో ఒక ఎండాకాలం పొద్దున, సిద్దిపేటలో కౌసల్యమ్మ టీచర్ ఇంటి ముందు తెల్ల అంబాసిడర్ ఆగింది. దిగినాయన లింగమూర్తి, హైదరాబాదు నుంచి వచ్చిన సినిమా డైరెక్టరు. మత్తుబిళ్ళలు మింగి తెల్లవార్లూ ఎగిరే కుర్రకారు గురించి, అందులో చిక్కినవాడిని ప్రేమించి బయటికి లాగిన అమ్మాయి గురించి, ఒక వారపత్రికలో ఆర్నెల్లు సీరియల్ వచ్చింది. అది రాసినవాడు జీన్సు ప్యాంటు వేసుకున్న పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడని ఆయన ఊహ. అరుగు మీద యాభై నాలుగేళ్ళావిడ చిక్కుడుకాయలు తుంపుతోంది.

"రచయిత గారు లోపల ఉన్నారాండీ?"

"గీడనే ఉన్న. కూసోండ్రి, చాయ తాగుతరా?"

కౌసల్యమ్మ హైదరాబాదు దాటి ఎరగదు. ఆ కథ ఆమె తమ్ముడి కొడుకు రామేశ్వర్‌ది. పంతొమ్మిదో ఏట బొంబాయి వెళ్ళి, సౌండు బాక్సులు కిరాయికిచ్చే కంపెనీలో చేరాడు. ఆ బాక్సులు లారీకెత్తుకుని గోవా సముద్రం ఒడ్డున జరిగే డాన్సులకు పోయేవాడు. అక్కడే ఒకరోజు బిళ్ళ చేతికొచ్చింది. తర్వాత పొడులు. మూడేళ్ళకు మనిషి పుల్లైపోయాడు. తమ్ముడు వెతికి పట్టుకొచ్చి, తమ ఊరు కొండపాకలో నలుగురి నోళ్ళకు జడిసి, అక్క ఇంట్లో దింపిపోయాడు. నాలుగు నెలలు ఆమె గంజి పోసింది. వాడు తిట్టాడు, ఏడ్చాడు, నిద్రపోయాడు. తేరుకున్నాక ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వాడు సరేనన్నాకే ఆమె పేర్లు మార్చి రాసింది. ఇప్పుడు బస్టాండు దగ్గర రేడియోలు, టేపులు బాగుచేస్తున్నాడు. వెనకటి సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

సీరియల్‌ని సినిమా తీస్తానని, దానికి మాటలు ఇక్కడే కూర్చుని రాస్తానని అన్నాడు లింగమూర్తి. టైపు చెయ్యడానికి కౌసల్యమ్మ తన పాత విద్యార్థిని జ్ఞానేశ్వరిని పిలిపించింది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే పిల్ల. తెలుగు మిషను రిక్షాలో పెట్టుకుని వచ్చింది. అంతకుముందు టిఫిను డబ్బా పట్టుకుపోయే రామేశ్వర్, మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కౌసల్యమ్మ కనిపెట్టింది. కూర కాస్త ఎక్కువ వండింది, అంతే.

నాలుగో రోజు డాన్సు సీను వచ్చింది. లింగమూర్తి గది నిండా తిరుగుతూ చెబుతున్నాడు.

"ఎర్ర లైట్లు. పొగ. గోడల మీద పుర్రెలు. కుర్రాళ్ళు పిశాచాల్లా ఊగుతుంటారు. అచ్చం నరకం!"

వంటింటి గడపలో అన్నం తింటున్న రామేశ్వర్ తలెత్తాడు. "గట్లుండదు సార్."

"మరెలా ఉంటుంది?"

"మంచిగుంటది. సముద్రం గాలి. పేరు తెల్వనోడు గూడ వచ్చి మెడ మీద చెయ్యేస్తడు. అందరు సుట్టాల లెక్కనే అనిపిస్తరు. గది నరకం లెక్కుంటే ఒక్కపారి చూసి వాపస్ రాకపోదునా? మంచిగున్నదనే మల్ల పోయిన. గా మొదటిపారి లెక్క మల్లెన్నడు కాలే సార్. దాన్ని దేవులాడుకుంట దేవులాడుకుంట ఖరాబైన."

మిషను చప్పుడు ఆగింది. కౌసల్యమ్మ చప్పున అడ్డం వచ్చింది.

"వాని దోస్తొకడు..." అంటూ సర్దబోయింది.

"దోస్తు కాదత్తా. నేనే." రామేశ్వర్ చెయ్యి కడుక్కుని దుకాణానికి వెళ్ళిపోయాడు.

జ్ఞానేశ్వరి ఆ పేజీ ఆఖరు దాకా కొట్టి, మిషను మీద గుడ్డ కప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రామేశ్వర్ మళ్ళీ డబ్బా పట్టుకుపోయాడు. లేనిపోని నవల రాసి పిల్లవాడి నోట్లో మన్ను కొట్టానా అని కౌసల్యమ్మ కుమిలిపోయింది.

మూడో రోజు పొద్దున్నే జ్ఞానేశ్వరి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"టీచరమ్మా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పాలె. గా కథల పిల్ల ఎవరు? గిప్పుడేడున్నది?"

"ఏ పిల్లనే?"

"ఆయన్ను బయటికి గుంజిన పిల్ల! ఎడమ బుగ్గ మీద మచ్చున్నదని గూడ రాసిన్రు."

కౌసల్యమ్మకు అప్పటికి గానీ వెలగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా! గా పిల్ల లేదే. నేను కల్పించిన. ఉత్త గంజి తాగుడు, పండుడు రాస్తే ఎవలు చదువుతరు?"

"నిజంగ లేదా? మల్ల ఎట్ల మానిండు?"

"వాడే మానిండు. శాన తిప్పలు పడ్డడు."

జ్ఞానేశ్వరి నవ్వబోయి ఆగింది. "మల్ల పోతడా?"

"ఐదేండ్లయింది. పోడనే అనుకుంటున్న. గని గా మాట నన్నడుగుడు కాదు, వాన్నడుగు."

అడగడానికే వెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ కలిసే వచ్చారు, రామేశ్వర్ సైకిలు నడిపించుకుంటూ.

"అత్తా, పోలీసులు గూడ గన్ని అడగరు," అన్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంక గూడ ఉన్నయి, రేపడుగుత," అంది జ్ఞానేశ్వరి.

మాఘమాసంలో వాళ్ళ పెళ్ళయింది. వేసవిలో సినిమా వచ్చింది. గోవా దాకా పోలేక కాకినాడ ఒడ్డున తీశారట. డాన్సు సీను మాత్రం రామేశ్వర్ చెప్పినట్టే ఉంది. సిద్దిపేటలో తొమ్మిది రోజులాడింది. ముగ్గురూ మ్యాట్నీకి వెళ్ళారు. తెర మీద అందరూ చేతులెత్తి ఎగురుతుంటే వెనక వరసలో ఎవడో "మనం గూడ పోదమారా" అన్నాడు. ఇంకో గంటకు, హీరో తన తల్లి మందుల సీసా ఎత్తుకెళ్ళి అమ్ముకునే చోట, వాడి గొంతు వినపడలేదు. కౌసల్యమ్మ చీకట్లో మేనల్లుడి వైపు చూసింది, ఏడుస్తున్నాడేమోనని. వాడు ముందుకు వంగి తెరనే పరీక్షగా చూస్తున్నాడు.

"అత్తా, గా బాక్సులకు వైర్లే పెట్టలే. పాటెట్ల వస్తున్నది?"

"సప్పుడు జెయ్యక చూడు," అని జ్ఞానేశ్వరి గిల్లింది.

ఆట వదిలాక బడి పిల్లలు కౌసల్యమ్మను చుట్టుముట్టి నోటుబుక్కుల మీద సంతకాలు అడిగారు. ఆమె ఒక్కొక్కరి పేరూ అడిగి రాసి, తప్పుగా పలికినవాళ్ళ చేత రెండుసార్లు పలికించి, నింపాదిగా సంతకాలు పెట్టింది. అవతల చెరుకురసం బండి దగ్గర మొగుడూ పెళ్ళాలు మూడో గ్లాసు పట్టుకుని, చల్లారిపోతుందన్నంత కంగారుగా ఆమెను కేకేస్తున్నారు.