పక్క మార్చే పాఠం

పొట్టిగా, సన్నగా ఉంటుందని ఆమెను అందరూ పిచ్చుక అనేవారు. ఇళ్ళకు రంగులేసే భర్త పరంజా మీంచి జారిపడి చనిపోయాక, చూపులేని అత్తా, ఆమే సర్కారిచ్చే సాయంతో బతుకు ఈడుస్తున్నారు. ఆ సాయం ఊరికే రాదు. తీసుకునేవాళ్ళు రోజూ తెల్లవారకముందే కూరగాయల మార్కెట్ ఊడవాలి. పనేదైనా చేతికొస్తే ఈ చీపురు తప్పుతుందని పిచ్చుక ఆసుపత్రిలో రోగులను చూసుకునే శిక్షణలో చేరింది. శిక్షణకు ఫీజు లేదు. చీపురుకు సెలవూ లేదు.

మార్కెట్ ఊడ్చి, ఇంటికొచ్చి అత్తకు స్నానం చేయించి, అన్నం పెట్టి, బస్సులో నిలబడే కునికి తరగతికి చేరేసరికి ఆమె ఒంట్లో పిప్పి తప్ప ఏమీ మిగిలేది కాదు.

"మానెయ్యవే తల్లీ," అనేది అత్త. "నాకు చేసేది చాలదా, ఊళ్ళోవాళ్ళందరికీ చెయ్యడం నేర్చుకోవాలా?"

"నీకు చేస్తే జీతమెవరిస్తారత్తా?"

"దీవెనలిస్తాగా!"

"అవి కొట్లో తీసుకోరు."

ఇద్దరూ నవ్వుకునేవారు.

ఒకరోజు తరగతిలో, లేవలేని రోగి కింద దుప్పటి మార్చడం పాఠం. చెప్పేది రిటైరైన నర్సమ్మ, మాట కటువు. రోగిగా ఎవరైనా పడుకోండి అనగానే పిచ్చుక మంచమెక్కింది. దుప్పటి మడత విప్పేలోపే ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది.

"లేపమంటారా అమ్మా?" అందొకామె.

"వద్దు. రోగి నిద్ర చెడకుండా పక్క మార్చడమే పని. కానివ్వండి."

నలుగురు చేరారు. మెల్లగా ఒకవైపు ఒత్తిగిల్లజేసి, పాత దుప్పటి వీపు దాకా చుట్టి, కొత్తది పరిచి, రెండోవైపు తిప్పారు. అప్పుడామె గుప్పిళ్ళు విడిపోయాయి. చీపురు పట్టిన చోట పొక్కులు చితికి ఉన్నాయి. నర్సమ్మే కూర్చుని మందు రాసింది.

పిచ్చుక కళ్ళు తెరిచేసరికి పాఠం అయిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"తప్పయిందమ్మా. నావల్ల కాదు, రేపట్నించి రాను."

"రాకపోతే నేనూరుకోను. మార్కెట్ ఊడుపు సంగతి నీ తోటివాళ్ళు చెప్పార్లే. దిగు, సాయమిచ్చే ఆఫీసుకెళ్దాం."

సాయం మంజూరు చేసే అధికారి చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. ఊడవడం బదులు శిక్షణనే పని కింద లెక్కెయ్యమని నర్సమ్మ అడిగితే, "రూలు అలా ఉందమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు.

"సొంతంగా బతకమనేగా మీ రూలు? ఈ పిల్ల అందుకేగా తంటాలు పడుతోంది! కాస్త నిద్రయినా పోనివ్వండి."

ఆయన చాలాసేపు కణతలు రుద్దుకున్నాడు. "శిక్షణను పని కింద లెక్కేసే వీల్లేదు. రోజు విడిచి రోజు ఊడవమనండి. నా చేతుల్లో ఉన్నది అంతే."

"అడిగింది గంపెడు, ఇచ్చింది గుప్పెడు," అని బయటికొచ్చాక గొణిగింది నర్సమ్మ. పిచ్చుక మాత్రం రేపు తెల్లారేదాకా పడుకోవచ్చని తలుచుకుంటూ నడిచింది.

పరీక్షలో ఆమె మొదటి వరసలో రాలేదు, గట్టెక్కింది. ఆసుపత్రిలో పని దొరికింది. సాయం ఆగింది, చీపురూ ఆగింది. కానీ వార్డులో కూర్చునే తీరిక ఉండదు. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి కాళ్ళు చాపింది. అత్త తడుముకుంటూ వచ్చి, ఆ కాళ్ళు ఒళ్ళోకి లాక్కుని నొక్కసాగింది.

"తప్పత్తా, పెద్దదానివి," అంది పిచ్చుక. కానీ కాళ్ళు వెనక్కి తీసుకునే ఓపిక లేక అలాగే ఉండిపోయింది.