సీరియస్ అన్న మాట బరువు

ఓబులేసు రోజూ ఎనిమిదింటికల్లా మొగలిపాళెం తపాలా ఆఫీసుకు వచ్చేవాడు. వరండా ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, సైకిలు చక్రాలకు గాలి కొట్టి, ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని బల్ల మీద కూర్చునేవాడు. లోపల పోస్టుమాస్టరు పద్మనాభయ్య తంతి యంత్రం ముందు చెవి ఒగ్గి ఉండేవాడు. టకటకలు ఆగి "ఓబులేసూ" అని పిలుపు వచ్చిందంటే లేవాలి. సముద్రపు ఒడ్డున ఉన్న ఏడు పాళేలకూ తంతి కాగితాలు చేర్చే మనిషి అతనొక్కడే. ఇరవై రెండేళ్లుగా అదే పని.

అతనికి ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. అయినా కాగితం చేతికి రాగానే అందులో సీరియస్ అన్న మాట ఉందో లేదో చెప్పేవాడు. ఆ మాట ఉంటే కాగితం బరువుగా ఉండేది. సంచీలో వేస్తే భుజం ఒంగేది, సైకిలు ఇసుకలో జానెడు దిగేది. దారిన పోయేవాళ్లు "సీరియస్సా అన్నా?" అంటూ తలా ఓ చెయ్యి వేసి తోసేవాళ్లు. తంతి ఎవరింట్లో ఇస్తే ఆ ఇంటి మీదికి బరువు దిగేది. తిరుగుదారిలో సైకిలు తనంతట తనే పోయేది.

"ఆ మాటకెందుకయ్యా అంత బరువు?" అని ఓసారి అడిగినాడు.

పద్మనాభయ్య లావుపాటి నిఘంటువు తెరిచి వేలు పెట్టి చూసినాడు. "నవ్వులాట కానిది, ముఖ్యమైనది, ప్రాణం మీదికి వచ్చింది. మూడర్థాలు రాసినాడు. పుట్టింది లాటిన్‌లో. అక్కడ దానర్థం బరువైన సంగతని. జర్మనీలో దీని దాయాది ఒకటుందంట, అదిప్పటికీ బరువనే అర్థంతోనే తిరుగుతుందంట. గ్రేవ్ అని ఇంకో మాటుంది. అదీ బరువులోంచి పుట్టిందే."

"బదులు రాసేదానికి తేలిక మాటే లేదా అయ్యా?"

"క్రిటికల్ అని ఉంది. అది గ్రీకుది, తీర్పు చెప్పేవాళ్ల మాట. నీ భుజానికి సుఖమే గానీ జనానికి చాలదు. సీరియస్సంటేనే బండెక్కుతారు."

అక్కడే కష్టం వచ్చింది. ఆ మాట వింటే ఎంతటి దొరైనా సెలవిచ్చేవాడు, ఎలాంటి అత్తయినా కోడల్ని పంపేది. అందుకని జనం అబద్ధానికీ దాన్నే వాడసాగినారు. అబద్ధపు తంతి పోయేటప్పుడు కోడి ఈకలాగా పోతుంది. అయితే ఆ మాట ఖాళీగా ఉండదు. ఎవరి పేరు మీద పోయిందో ఆ మనిషిలో తన బరువు నింపుకుంటుంది. పట్నంలో తమ్ముడికి సెలవు దొరకాలని ఊళ్లో మాల్యాద్రి అనేవాడు తన తల్లి పేరు రాయించినాడు. నెల తిరక్కముందే ఆ ముసలమ్మ కాళ్లు ఇసుకలో మోకాటిదాకా దిగసాగినాయి. ఆమెను కాటికి సాగనంపడానికి పదహారు మంది భుజాలు కావలసి వచ్చింది. ఊరు ఆశ్చర్యపోలేదు. మాల్యాద్రిని పలకరించడం మాత్రం మానుకుంది.

ఓబులేసు కూతురు చెంచులక్ష్మిని కోవూరు పక్క పల్లెలో ఇచ్చినారు. పురిట్లో బిడ్డ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమెను మనిషిగా చూడలేదు. రెండేళ్లుగా పుట్టింటికి పంపలేదు. ఓబులేసు రెండుసార్లు పోతే ఆమె మామ గంగులయ్య అరుగు మీదే మజ్జిగిచ్చి తిప్పి పంపినాడు. ఆ వేసవిలో గాజులమ్మే కామమ్మ ఇంటికొచ్చి ఓబులేసు పెళ్లాం పెంచలమ్మతో చెప్పింది.

"తొడిగిన గాజులు మోచేతిదాకా జారతావుండాయి పెంచలమ్మా. వీపున వాతలుండాయి. ఆ పిల్ల ఈ వానలు దాటదు."

పెంచలమ్మ పొయ్యి ఆర్పి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"తంతి కొట్టించు."

"ఏమని?"

"నాకు సీరియస్సని."

"మతి పోయిందా నీకు? మాల్యాద్రి అమ్మను చూళ్లేదా? కావాలంటే నా పేరు రాయిస్తా."

"నువ్వు సైకిలేసుకొని ఏడు పాళేలు తిరుగుతా నీకు సీరియస్సంటే కుక్కలు గూడా నవ్వుతాయి. తల్లికి అంటేనే పంపుతారు. ఊళ్లోవాళ్ల చావుకబుర్లన్నీ మోసినావు. సొంత పిల్ల బతుక్కు ఒక్క కాగితం మొయ్యలేవా?"

పద్మనాభయ్య ఫారం రాసి అరచేతిలో పెట్టుకున్నాడు. గాలికి లేవబోతే వేలితో నొక్కిపట్టినాడు.

"తేలిగ్గా ఉందే ఓబులేసూ."

"రాయించింది నిజమేనయ్యా."

ఇరవై రెండేళ్ల నౌకరీలో అతను ఆడిన మొదటి అబద్ధం అది. మొదటిది గనక చిన్నదని అతను అనుకోలేదు. అనుకోకూడదు కూడా.

"రాసిచ్చింది కొట్టడమే నా పని. పోయిన మాటను వెనక్కి పిలిచే మీట దీనికి లేదు. కొట్టేదా?"

"కొట్టండయ్యా."

మర్నాటి సాయంత్రం చెంచులక్ష్మిని ఎవరో బండిలో తెచ్చి దింపిపోయినారు. తల్లి గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉండటం చూసి ఆమెకు సంగతి తెలిసిపోయింది. ఆ రాత్రి మూడుసార్లు వడ్డించుకొని చేపల పులుసు తినింది.

మూడో రోజున పెంచలమ్మ నీళ్లకు పోతే ఆమె అడుగుల గుంటల్లో నీళ్ల చెలమలూరినాయి. ఐదో రోజున గడప దాటలేకపోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. మంచం నులక తెగింది. చెక్కలు పరిచినారు. మంచం కోళ్లు మట్టినేలలో బెత్తెడు దిగినాయి.

ఓబులేసు పరుగున పోయి పద్మనాభయ్య కాళ్ల మీద పడినాడు. పద్మనాభయ్య కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "తంతి అందుకున్నవాళ్ల ముందు అది అబద్ధమని ఒప్పుకుంటే బరువు దిగొచ్చు. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు గనక నాకూ తెలియదు."

తొమ్మిదో రోజున గంగులయ్యే గూడుబండి కట్టుకొని వచ్చినాడు. నిజమో కాదో చూసి కోడల్ని తీసుకుపోవాలని వచ్చినాడు. చెంచులక్ష్మి వంటింటి తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

"ఏం బావా, చెల్లెమ్మకు సీరియస్సంటివే? మొహం నిగనిగలాడతావుందే!"

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. నిజం చెబితే పెంచలమ్మ లేస్తుంది, కూతురు ఆ బండెక్కుతుంది. చెప్పకపోతే కూతురు ఉంటుంది, పెంచలమ్మ ఉండదు. రెండింటిలో ఏది పాపమో అతనికి తెలియలేదు. తెలిసిందల్లా, అబద్ధం తనదని.

"బావా, నేనొక తప్పు చేసినాను. ఆ తంతి..."

"అన్నా!" మంచం మీది నుంచి పెంచలమ్మ అందుకుంది. "ఆయన మాట పట్టించుకోబాక. నేను పోతానంటే మనసొప్పక ఏదేదో అంటావుండాడు. నాకు సీరియస్సే."

ఆ మాట ఆమె తన నోటితో, తన మీద వేసుకొని చెప్పింది. మంచం కోళ్లు నాలుగూ ఒక్కసారే మూరెడు నేలలోకి దిగినాయి. ఇంటి దూలం కిర్రుమంది. చూరులోంచి మట్టి రాలింది. గంగులయ్య ఒక్క అంగలో గుమ్మం దాటి వీధిలో నిలబడినాడు.

"ఉండనీ బావా, పిల్లను మీ దగ్గరే ఉండనీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "మావాడికి వేరే సంబంధం చూసుకుంటాం. ఇంత బరువున్న ఇంటి పిల్ల మాకొద్దు."

గూడుబండి ఖాళీగా తిరిగిపోయింది. ఓబులేసు పెంచలమ్మ మీద రాలిన మట్టిని దులిపినాడు.

చెంచులక్ష్మి వంటింట్లోంచి వచ్చి మంచం పక్కన నేల మీద చతికిలబడింది. మంచం ఇప్పుడు ఆమె ఒడి ఎత్తుకు వచ్చింది. పెంచలమ్మ మెల్లగా చెయ్యి జరిపి కూతురి ఒళ్లో పెట్టింది. ఆ చేతి కింద నుంచి లేవడం చెంచులక్ష్మి వల్ల కాలేదు. లేవాలని ఆమె చూడనూ లేదు.