ష్టైన్‌గార్టెన్‌లో పదకొండో ఇల్లు

ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకి ఎవరి ఊరి చరిత్రయినా రాయొచ్చని బడిలో చెప్పారట. కాకినాడలాంటి ఊరు మనకుండగా మా స్నిగ్ధ పక్కింటి పరాస్కా మామ్మగారి ఊరిని ఎంచుకుంది. ఎందుకే అంటే, "కాకినాడ మీద ఇప్పటికే ఇద్దరు రాస్తున్నారు మమ్మీ" అంది. అప్పుడే నా కుడికన్ను అదిరింది. ఎవరూ పట్టించుకోలేదు.

అది 2007 జనవరి. గల్ఫ్‌లో, రువైస్ అనే చమురు ఫ్యాక్టరీ ఊళ్ళో మాకు కంపెనీ ఇచ్చిన ఇల్లు. మావారు రామ్మోహనరావుగారు స్టోర్స్‌లో ఆఫీసరు. వారానికోసారి పరీక్ష కోసం ఫ్యాక్టరీ ప్రమాద సైరన్ మోగిస్తారు. ఐదేళ్ళుగా వింటున్నా, అది మోగగానే నేను స్టవ్ కట్టేసి, పాస్‌పోర్టుల సంచీ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తాను. ఈయన నవ్వుతారు, స్నిగ్ధ సిగ్గుపడుతుంది. ఆ చలికాలం ఒకరోజు సైరన్ మోగినప్పుడు పక్క గుమ్మంలో తలకి రుమాలు కట్టుకున్న ఒక పెద్దావిడ, చంకలో సంచీతో, నాలాగే నిలబడి ఉంది. ఒకరినొకరం చూసుకున్నాం. మా ఇద్దరికీ స్నేహం కుదరడానికి అంతకన్నా ఏం కావాలి.

ఆవిడే పరాస్కా మామ్మగారు. యుక్రెయిన్ నుంచి కూతురు ఒక్సానా పురిటికి వచ్చింది. ఆవిడ మాటని ఒక్సానా ఇంగ్లీషులో చెబితే, స్నిగ్ధ నాకు తెలుగులో చెప్పేది. సాయంత్రాలు మేం నలుగురం మా అరుగు మీద కూర్చునేవాళ్ళం. చంటిపిల్ల ఒక్సానా ఒళ్ళో ఉండేది. మామ్మగారు పొద్దుతిరుగుడు గింజలు నోట్లోనే ఒలిచి తినేది. ఆ పొట్టు ఎక్కడ గొంతుకి అడ్డం పడుతుందోనని నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకునే ఊరి కథ వినేదాన్ని.

రెండువందల ఏళ్ళ కిందట అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదట. మెన్నొనైట్లని ఒక రకం క్రైస్తవులు, కత్తి ముట్టుకోబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు, జర్మన్ మాట్లాడేవాళ్ళు, బళ్ళు కట్టుకుని వచ్చి ఊరు కట్టారు. ష్టైన్‌గార్టెన్ అని పేరు పెట్టారు. ఒకటే వీధి, ఇరవై రెండు ఇళ్ళు, ఇంటికో నంబరు. పట్టుపురుగుల కోసం ఊరి చుట్టూ మల్బరీ కంచె. ఇల్లూ పశువుల సావిడీ ఒకే కప్పు కింద. మంచు కురుస్తున్నా చెప్పు తడవకుండా వంటింట్లోంచి ఆవు దగ్గరకి వెళ్ళొచ్చు. ఇంటి నడిమధ్య ఇటుక పొయ్యి, దాని వేడి నాలుగు గదులకీ.

తర్వాత విప్లవం వచ్చింది, కరువొచ్చింది. కొందరు ఓడెక్కి కెనడా వెళ్ళిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలినవాళ్ళూ ఊరు వదిలి పోయారు. ఆ ఖాళీ ఇళ్ళలోకి, పోలండు నుంచి వెళ్ళగొట్టిన యుక్రెయిన్ వాళ్ళని సర్కారు తెచ్చి దింపింది. వాళ్ళలో ఆరేళ్ళ పరాస్కా ఒకర్తె. తమ సొంత ఇల్లు వదలడానికి వాళ్ళకి రెండు గంటలు టైమిచ్చారట. వచ్చి పదకొండో నంబరు ఇంట్లో దిగారు. అరవై రెండేళ్ళుగా ఆవిడ అందులోనే ఉంది. ఊరికి కొత్త పేరు పెట్టి కూడా అన్నేళ్ళయింది. పాత పేరు బడి గోడ మీద రాయిలోనే మిగిలింది.

స్నిగ్ధ ఇదంతా చార్టు మీద రాసి, ఇళ్ళ బొమ్మలు వేసి, గురువారం బడి ప్రదర్శనలో పెట్టింది. ముఖ్య అతిథిగా మావారి ముదీర్, అంటే పై మేనేజరు, కెనడా ఆయన, పెన్నర్‌గారు వచ్చారు. అన్ని చార్టులూ నవ్వుతూ చూసుకుంటూ వచ్చిన మనిషి మా పిల్ల చార్టు దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"మా తాత పుట్టిన ఊరు ఇది. నీకెవరు చెప్పారమ్మా?"

మా పిల్ల ఊరుకుంటుందా. "మా పక్కింటి మామ్మగారు సార్. రేపు మా ఇంటికి టీకి రండి" అంది.

ఆ కబురు వినగానే మామ్మగారి మొహం తెల్లబోయింది. ఇల్లు తీసుకోవడానికి వస్తున్నాడంది. ఆదివారం విమానానికే వెళ్ళిపోతానని పెట్టె తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఊరి పేరు పిల్ల తప్పు రాసిందని చెప్పండి, నన్ను అడగొద్దనండి, అని మమ్మల్ని బతిమాలింది.

"అరవై ఏళ్ళ తర్వాత ఇల్లెవరు అడుగుతారు, ఆవిడకంత భయమేమిటి" అన్నారు మావారు.

నాకు తెలుసు ఎందుకో. నా చిన్నప్పుడు మేం ఆరు అద్దె ఇళ్ళు మారాం. ఇంటాయన ఖాళీ చెయ్యమని చెప్పడానికి వచ్చాడని అడుగుల చప్పుడుతోనే పోల్చేసి, మా అమ్మ గడియ పెట్టి, మా నోళ్ళు మూసి, మంచం పక్కన కూర్చునేది. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకి తలుపు చప్పుడు మామూలు చప్పుడు కాదు. అందుకే మామ్మగారి పక్కన కూర్చుని నేనూ చీరలు మడతపెట్టినట్టు ఆవిడ గౌన్లు రెండు మడతపెట్టాను. పెట్టె సర్దుకుంటే మనసు కుదుటపడుతుంది. సర్దాక, రేపు నా పక్కనే కూర్చో, చాలు, అని చెప్పించాను.

శుక్రవారం చేగోడీలు వేశాను. అవి నూనెలో పేలతాయని గజం దూరం నుంచి వేస్తాను, అందుకే కొన్ని వంకరగా వస్తాయి.

"అనూ, ఆయన నా ముదీర్. నువ్వు నవ్వుతూ టీ ఇయ్యి, మాట్లాడకు" అన్నారు ఈయన.

"నేనేం మాట్లాడతానండీ, నాకు ఇంగ్లీషెక్కడొచ్చు."

"అదే నా ధైర్యం."

పెన్నర్‌గారు ఐదింటికి వచ్చారు. మామ్మగారు నా పక్కన సోఫాలో, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన చేగోడీ కొరికి బాగుందన్నారు. తర్వాత సంచీలోంచి ఒక మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు. వాళ్ళ తాత జ్ఞాపకం మీద గీసిన ఊరట అది. ఒక వీధి, ఇరవై రెండు గళ్ళు. ఆయన వేలు ఒక గడి మీద పెట్టారు. పదకొండు.

మామ్మగారి గోళ్ళు నా అరచేతిలో దిగాయి. ఆయన ఆ కాగితం గురించి ఏదేదో చెబుతున్నారు, ఈయన తల ఊపుతున్నారు. అసలు సంగతి ఎవరూ అడగరేం. ఇంకో నిమిషం అలా గడిస్తే మామ్మగారికో నాకో ఏదో ఒకటి అయ్యేట్టుంది.

"స్నిగ్ధా, ఆ ఇల్లు ఆయనకి కావాలేమో అడుగు."

"నేనడగను మమ్మీ. బాగోదు."

"అనూ" అన్నారు ఈయన, పళ్ళ మధ్య నుంచి.

నేనే అడిగేశాను. "సార్. దట్ హౌస్, యు వాంట్? టేక్ బ్యాక్?"

మావారు కళ్ళు మూసుకున్నారు. ఖలాస్, ఉద్యోగం పోయిందని అనుకున్నానని తర్వాత చెప్పారు.

పెన్నర్‌గారు కప్పు కింద పెట్టారు. మామ్మగారి చెయ్యి చూశారు, నా మొహం చూశారు. అప్పుడు నెమ్మదిగా చెప్పారు, స్నిగ్ధ నాకు తెలుగు చేసింది. పదేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఇదే కాగితం పట్టుకుని అంత దూరం ఆ ఊరు వెళ్ళారు. ఇల్లు అడగడానికి కాదు, తన తండ్రి పెరిగిన పొయ్యి పక్క గది ఒక్కసారి చూడ్డానికి. తలుపు కొట్టారు. ఎవరూ తియ్యలేదు. కిటికీ తెర మాత్రం కదిలింది. జర్మన్ మాట్లాడే మనవాళ్ళంటే అక్కడ ఇంకా కోపం కాబోలని తిరిగొచ్చేశారు.

"మా నాన్న ఇప్పటికీ ఆ తెర సంగతే చెబుతుంటారు. లోపలున్నవాళ్ళు భయపడ్డారని మాకు తట్టనే లేదు. ఇవాళ మీరడిగితే గానీ" అన్నారు నాతో.

ఒక్సానా అదంతా వాళ్ళమ్మకి చెప్పింది. మామ్మగారు కాగితం తన వైపు తిప్పుకుంది. నా చెయ్యి వదిలింది.

"తెర కదిపింది నేనే" అంది. "మంచి కోటు వేసుకున్నాడు. చేతిలో కాగితం ఉంది. కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళే మమ్మల్ని వెళ్ళగొట్టారు. మంచం వెనక కూర్చున్నాను, వాడు వెళ్ళేదాకా."

ఇక ఆ తర్వాత ఆవిడని ఎవరూ ఆపలేకపోయారు. పొయ్యి ఇంకా ఉంది, ఒక్క ఇటుక కదల్లేదు, రొట్టె ఇప్పటికీ అందులోనే కాలుస్తాను. గోడలు మీవాళ్ళు కట్టారు, ఏటేటా సున్నం నేను కొట్టాను. మీ సావిడిలో నా ఆవులు ఎన్ని ఈనాయో తెలుసా. పద్నాలుగో ఇల్లు కూలిపోయింది, మూడోది ఇప్పుడు పోస్టాఫీసు. ఒక్సానాకి తర్జుమా చెయ్యడానికి ఊపిరి అందలేదు. పెన్నర్‌గారు తాత గీసిన గళ్ళ పక్కన, ఇప్పుడెవరుంటున్నారో పెన్సిలుతో రాసుకుంటున్నారు. స్నిగ్ధ మార్కులు పెరుగుతాయని తన చార్టు కూడా తెచ్చి పక్కన పరిచింది. మావారు కళ్ళు తెరిచి, నాలుగో చేగోడీ తీసుకున్నారు.

ఉన్నట్టుండి పెన్నర్‌గారు సెల్‌ఫోన్ తీశారు. కెనడాలో అప్పుడే తెల్లవారుతోందట. వాళ్ళ నాన్నని నిద్రలేపారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని అంత పొద్దున్నే ఫోను మోగించి లేపడమేమిటని నేను సోఫా అంచుకి జరిగాను. పెన్నర్‌గారు ఏదో చెప్పి, ఫోను మామ్మగారి చెవి దగ్గర పెట్టారు. ఒక్సానా చెవి కూడా ఆనించింది.

"నేను పదకొండో ఇంటి పరాస్కాని. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. మళ్ళీ రండి. తలుపు తీస్తాను."

ఒక్సానా ఇంగ్లీషులో చెప్పింది. ఈ మాటకి పెద్దాయనకి ఏమైనా అయిందేమోనని నేను పెన్నర్‌గారి మొహం చూశాను. ఆయన కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు.

"ఏ నెలలో రమ్మంటారు అని అడుగుతున్నారు" అంది ఒక్సానా.

మామ్మగారు వేళ్ళ మీద లెక్కపెట్టింది. "జూన్‌లో రమ్మను. చెర్రీలు పండుతాయి. నిచ్చెన ఎక్కి కోసేవాళ్ళు లేక ప్రతి ఏడూ పిట్టల పాలవుతున్నాయి."

అవతల పెద్దాయన నవ్వడం సోఫాలో ఉన్న నాకు కూడా వినిపించింది. తప్పకుండా వస్తాను, నిచ్చెన నేనే ఎక్కుతాను అన్నారట.

ఆ వయసులో నిచ్చెనా. కింద పట్టుకోవడానికి కనీసం ఇద్దరుండాలని, మడమ దగ్గర జారని బూట్లు వేసుకోవాలని చెప్పమని నేను స్నిగ్ధని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను.