ఎడమ మెలి

వైరు పైతోలు వొలవడం ఎవరికైనా వస్తుంది. పళ్ళతో వొలిచే మహానుభావులు కూడా ఉన్నారు. లోపలి రాగి పోగుల్లో ఒక్కటైనా తెగకుండా వొలవడమే అసలు పని. ఆ పనిలో ఆదోని మొత్తంమీద సుమతిని మించినవాళ్ళు లేరని హరికృష్ణ తన షెడ్డుకు వచ్చిన ప్రతి మిల్లు మేనేజరుకూ చెప్పేవాడు. ఆమె ఎదుట మాత్రం ఆ ముక్క ఒక్కనాడూ అనలేదు.

మిల్లుల్లో మోటార్లు నడిపే కంట్రోల్ ప్యానెళ్ళు ఆ షెడ్డులోనే తయారవుతాయి. బీరువాలాంటి ఇనప పెట్టె, లోపల వందల వైర్లు. ప్రతి వైరు కొసకూ తోలు వొలిచి, చిన్న గొట్టంలాంటి లగ్గు తొడిగి, క్రింపర్ పట్కారుతో నొక్కి, లాగి చూసి, ఆ తర్వాతే స్క్రూ కింద బిగించాలి. వొలిచేటప్పుడు పోగులు తెగాయా, ఆ కొసంతా కత్తిరించి పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి; లేకుంటే మిగిలిన పోగులు కరెంటు మొయ్యలేక వేడెక్కి కాలతాయి. ఈ సంగతి సుమతి తన నాయన చెన్నప్పకు వందసార్లు చెప్పి ఉంటుంది.

చెన్నప్ప ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు చీరలు నేసినవాడు. మగ్గం మూలపడ్డాక ఏడాదిపాటు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తింటే తిన్నాడు, లేకుంటే లేదు. నోరు తెరిచి ఒక్క మాట లేదు. చూడలేక సుమతే ఆయన్ని షెడ్డులో చేర్పించింది. "మా నాయన చేతులు సన్నపోగు పనికే పుట్టినాయి సార్" అని హరికృష్ణకు పూచీ పడింది. అది అబద్ధం కాదు. నెల తిరక్కుండానే ఆయన పరిచిన వైర్లు పడుగు తీసినంత తీరుగా కుదిరాయి. ఆదోని బస్సులో పోతూ వస్తూ ఆయన మళ్ళీ మాట్లాడసాగాడు, ఒక్కోసారి నవ్వాడు కూడా. సుమతి ప్రాణం కుదుటపడింది.

పత్తి సీజను మంచి జోరుమీద ఉండగా ఆదోనిలోనే ఒక జిన్నింగ్ మిల్లులో వీళ్ళ ప్యానెల్ కాలింది. అక్కడి ఎలక్ట్రీషియన్ పుల్లన్న కమురు వాసనకు తలుపు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఒక వైరు లగ్గులోంచి ఊడి పక్కదానికి తగిలింది. చిమ్మిన మంటకు అతని కుడిచెయ్యి కాలింది.

మరునాడు హరికృష్ణ సుమతిని వెంటబెట్టుకుని మిల్లుకు పోయాడు. మేనేజరు ఉన్నాడు, చేతికి కట్టుతో పుల్లన్న కూడా వచ్చి నిలబడ్డాడు. ఊడిన కొస నల్లగా మాడిపోయింది. లగ్గులో ఇరుక్కున్న ముక్క మిగిలింది. సుమతి దాన్ని విప్పి, గుడ్డతో తుడిచి చూసింది.

ఆరో ఏడో పోగులు తెగి ఉన్నాయి. వాటిని పారేయలేదు. తెగిన ఒక్కో ముక్కనూ మళ్ళీ దాని కొసకే చేర్చి, ఎడమకు మెలిపెట్టి, తెగినట్టే కనబడకుండా సర్ది, పైన లగ్గు తొడిగారు. అలా ఎడమకు మెలిపెట్టే చెయ్యి షెడ్డులో ఒక్కటే. తెగిన పడుగు పోగును ఆ మెలితో అతకడం సుమతి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసింది. చీరలో ఆ అతుకు చీర చినిగేదాకా నిలుస్తుంది. కరెంటు కింద ఒక్క సీజను నిలవలేదు.

"ఏమ్మా, మనదా తప్పు?" హరికృష్ణ గొంతు తగ్గించి అడిగాడు. "మనదైతే ఎవరు సేసినారో సెప్పు. ఈ పొద్దే ఎల్లగొడ్తా."

సుమతి లగ్గును గుప్పిట్లో మూసింది. "మనది గాదు సార్. స్క్రూ కదిలించి మళ్ళా బిగించినట్టుండారు. సరిగ్గా బిగించలేదు, ఆ వేడికే లగ్గు వదులైంది."

అందరూ పుల్లన్న వైపు తిరిగారు.

"అవును, పోయిన వారం దుమ్ము దులిపి అన్నీ ఒకసారి బిగించినా" అన్నాడు పుల్లన్న. తన మెడకు ఏం చుట్టుకుంటున్నదో ఆ పిచ్చి మనిషికి తెలియలేదు. మేనేజరుకు ఆ మాటే చాలు. పన్నెండేళ్ళ నౌకరీ టీ తాగినంతసేపట్లో ముగిసింది.

ఇంటికి పోయే బస్సులో సుమతి గుప్పిట విప్పి నాయనకు చూపింది. "ఇదేంది నాయనా?"

చెన్నప్ప ముఖం విప్పారింది. "నాదే. యాడ దొరికింది?"

"తెగితే కత్తిరించి పారేయమని సెప్పినా గదా."

"తెగిన పోగును పారేసేవాడు నేసేవాడెట్లయితాడు? అతికినా. లాగి గూడ సూసినా, రాలేదు."

"ఎన్నిట్లో అతికినావు?"

"తెగినప్పుడల్లా" అన్నాడాయన, బిడ్డ మెచ్చుకుంటుందేమోనన్నట్టు చూస్తూ.

సుమతికి ఆయన్ని పట్టుకుని తిట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. ఇంకా ఎన్ని మిల్లుల్లో ఎంతమంది చేతులు కాలాలో! తెల్లారి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పేయాలి, ఏమైతే అదవుతుంది అనుకుంది.

పొద్దున ఆదోనిలో దిగి, నాయనను షెడ్డుకు పంపి, తాను మిల్లు దారి పట్టింది. గేటు ముందర పుల్లన్న తన సామాన్ల సంచితో నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి ఎదురొచ్చాడు.

"అన్నా, నీకొక మాట సెప్పాల" అంది సుమతి.

"నువ్వేం బాధపడొద్దు తల్లీ. పని తెలిసిన మనిషివి, ఉన్నదే సెప్పినావు." అతని గొంతులో కోపం లేదు. "నాకే సిగ్గుగా ఉంది. ఇంగో సోట పని అడగాల. మళ్ళా నా సేతిమీద ఎవరికీ ఇట్ల కాగూడదు. ఎట్ల బిగించాల్నో ఒకసారి సూపించు."

సంచిలోంచి ఒక పాత కనెక్టరు తీసి గేటు దిమ్మె మీద పెట్టాడు. స్క్రూడ్రైవరు ఎడంచేత్తో పట్టుకుని, వైరు దూర్చి, పళ్ళు బిగబట్టి తిప్పాడు. సుమతి వైరును లాగి చూసింది. కదల్లేదు. ఇంతకన్నా బాగా తానైనా బిగించలేదు.

ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. గోడకేసి చూస్తూ కూర్చున్న నాయన కళ్ళ ముందు మెదిలాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మాట బయటికి రాలేదు.

"ఇట్లేనా?" అని అడిగాడు పుల్లన్న.

"కాదన్నా" అంది సుమతి. "ఇంగొంచెం తిప్పాల."

అతను తలూపి, ఇంకొంచెం తిప్పాడు. "సూసినావా" అన్నాడు, "పన్నెండేండ్లు తప్పే సేస్తి."