మళ్లీ మైకు ముందుకు

ఆ పొద్దున సంతోషంతో భూలక్ష్మికి ఇడ్లీ కూడా గొంతు దిగలేదు. ఊపిరితిత్తుల మార్పిడి జరిగి పది నెలలైంది. పదకొండింటికి ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్. ఇరవై ఏళ్లు తెరమీది తల్లులకు గొంతిచ్చిన మనిషి మళ్లీ మైకు ముందు నిలబడబోతోంది. కృష్ణానగర్ గదిలో చీర కట్టుకుని, రోజూలాగే ఊపిరి కొలిచే చిన్న యంత్రంలోకి గట్టిగా ఊదింది.

నిన్న రెండు లీటర్లు దాటిన అంకె ఒకటి పాయింట్ ఏడుకు పడిపోయింది. మళ్లీ ఊదినా అంతే. జ్వరం లేదు, దగ్గు లేదు. కొత్త ఊపిరితిత్తులను ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మాత్రలు జబ్బును ఎదిరించే శక్తిని తగ్గిస్తాయనీ, లోపల ఇన్ఫెక్షన్ చేరినా జ్వరం రాకపోవచ్చనీ, అంకె పడితే ఆగకుండా రమ్మనీ డాక్టర్ మనోజ ముందే చెప్పింది.

డబ్బింగ్ అయ్యాక వెళ్లొచ్చులే అనుకుని కూతురు పూజితతో ఆటో ఎక్కింది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర మనసు ఒప్పలేదు.

"స్టూడియోకు వద్దు బిడ్డా, దవాఖానకు పోనియ్యమను. ఊపిరి తగ్గింది."

"మరి మంచిగనే కనబడుతున్నవ్ గదనే?"

"మంచిగనే ఉన్న. గందుకే భయమైతాంది."

దారిలోనే సౌండ్ ఇంజినీర్ శ్రీకృష్ణకు ఫోన్ చేసి, ఆ వేషానికి వేరే గొంతు చూసుకోమంది. అతను ఒప్పుకోలేదు. "మిగతావాళ్లవి ముందు పూర్తి చేస్తానండీ. మీరొచ్చాకే అమ్మ పాత్ర" అన్నాడు.

దవాఖానలో ఊపిరితిత్తుల్లోకి కెమెరా గొట్టం వేసి చూస్తే, కొత్త శ్వాసనాళం కుట్టిన అతుకు దగ్గర ఫంగస్ అప్పుడే మొదలవుతోంది. ఇంకో వారం ఆగుంటే చేయిదాటేదని మనోజ చెప్పింది. ఫంగస్ మందు మొదలుపెట్టి, దానికి తగ్గట్టు పాత మాత్రల మోతాదు తగ్గించి, రెండు రోజులకోసారి రక్తం పరీక్షించారు. తల్లీకూతుళ్లు రోజూ క్రికెట్ స్కోరులా ఊపిరి యంత్రంలో అంకె కోసం ఎదురుచూశారు. ఒకటి ఎనిమిది. ఒకటి తొమ్మిది. రెండు దాటిన రోజు పూజిత మంచం పక్కనే గెంతులేసింది.

నాలుగు వారాలకు మనోజ డబ్బింగ్‌కు సరేనంది. బూత్‌లో ఒక్కతే ఉండాలి, మందులు మానకూడదు. శ్రీకృష్ణ బూత్‌లోని పాత కార్పెట్ తీయించి శుభ్రంగా కడిగించాడు. భూలక్ష్మి లోపలికెళ్లి, తలుపు పడ్డాక మాస్కు తీసింది. మొదటి టేకులో నవ్వాగక డైలాగు చెడింది. రెండో టేకులో తెరమీది తల్లి కొడుకును నిలదీస్తుంటే ఆమె గొంతు ఎక్కడా తెగకుండా చివరిదాకా పలికింది. అద్దం అవతల శ్రీకృష్ణ రెండు చేతులూ పైకెత్తాడు.

"ఇంకోటి పెట్టు సారూ" అంది భూలక్ష్మి, మైకు దగ్గరకు జరుగుతూ.